తుడుపు రోజు

పొద్దున్న తొమ్మిదింపావుకి నీలకంఠం పదహారో నంబరు ఫోను వెలిగించేసరికే, టీం లీడు సాయిశంకర్ ఇంటి నుంచే ఆ రిపోర్టుని మూడోసారి మూసేసి ఉన్నాడు. మూసెయ్యడానికి పెద్ద కష్టమేం లేదు. రిపోర్టు పక్కన ఎర్ర చుక్క ఉండేది, బూడిద చుక్క అయింది. కింద ఒకే ముక్క: ‘మళ్లీ జరగలేదు’. మొదటిసారీ అదే ముక్క. రెండోసారీ అదే. కనీసం మాట మార్చి తిట్టినా, పోనీలే, చదివే తిట్టాడు అనుకోవచ్చు. ఇది నిన్నటి ముక్కని ఎత్తి ఇవాళ అంటించడం. ఇరవై ఆరేళ్లవాడు, నలభై తొమ్మిదేళ్లవాడి మాటని గుమ్మంలో అడ్డొచ్చిన చెప్పులా కాలితో పక్కకి తోసేశాడు.

గాజువాకలో టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు ఆ ఆఫీసు. గోడ పొడవునా ఒక చెక్క అర. దాని మీద ఇరవై నాలుగు ఫోన్లు గాటికి కట్టేసిన గొడ్లలా వరసగా ఉంటాయి, ఒక్కోదాని మూతికి ఒక్కో ఛార్జింగు తీగతో. వాటిలో మంచివి నాలుగే. మిగతావి నాసిరకం: అద్దం పగిలినవి, వెనక డొప్ప ఊడినవి, రెండు ఫోటోలు తీస్తే జాగా లేదని ఏడ్చేవి. కావాలనే కొన్నారు. ఆట ఆడే జనం చేతుల్లో ఉండేవి అవే కాబట్టి.

ఆట పేరు ‘ఏడు రేవులు’. తయారు చేసే కంపెనీ ఏ దేశానిదో నీలకంఠానికి సరిగా తెలీదు. సముద్రంలో ఏడు దీవులు, వేలమంది ఒకేసారి ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆడతారు. పడవ కట్టుకోవచ్చు, వ్యాపారం చెయ్యచ్చు, పక్కవాడి పడవని ముంచచ్చు, భూమి పట్టుకుని ఇల్లు వేసుకోవచ్చు. అది బజార్లోకి రాకముందే ఆడి, తప్పులు పట్టి రాసివ్వడం ఈ ఆఫీసు పని. గోడలోంచి మనిషి అటువైపు దూరిపోతున్నాడేమో చూడాలంటే, నూరు గోడలకి వరసపెట్టి నుదురు కొట్టుకోవాలి. తొంభై తొమ్మిది గోడలు గోడల్లాగే ఉంటాయి. ఆ నూరోదాని కోసం జీతం.

తప్పు దొరికాక రిపోర్టు రాయాలి. అందులో నాలుగు గళ్లు. ఏం చేశావు. ఏం జరగాలి. ఏం జరిగింది. మళ్లీ జరుగుతుందా. మొదటి మూడూ ఎంత బాగా రాసినా, నాలుగోదాంట్లో ‘జరుగుతుంది’ అని రాయలేకపోతే ఆ మూడూ దండగే. ఒకసారి జరిగి ఊరుకున్న తప్పు ఇక్కడ తప్పు కాదు.

నీలకంఠం పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. కుడిచేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ కొసలు లేవు. ఆటోనగర్లో లేత్ మిషను తినేసింది. అందుకని ఫోను తెరని ఉంగరపు వేలితో నొక్కుతాడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, పద్నాలుగో ఏట ఆ షెడ్డులో చేరాడు. ముప్పై ఏళ్లకి పైగా చేపల బోట్లకి షాఫ్టులూ, పంపులకి బుష్షులూ తిప్పాడు. వెంట్రుక వాసి తేడా ఉంటే కొలపరికరం అక్కర్లేదు, బొటనవేలు ఆనిస్తే చాలు, చెప్పేసేవాడు. యజమాని పోయాక కొడుకులు మిషన్లని తుక్కు కింద తూకానికేశారు. ఆ తుక్కు లారీ వెళ్లిన వారానికే నీలకంఠం ఈ భవంతికి వాచ్‌మన్‌గా కుదిరాడు.

వాచ్‌మన్ టెస్టర్ అవ్వడం ఒక మెట్టు వల్ల జరిగింది. ఒకరోజు నలుగురు రాలేదు, ఊరికే కూర్చున్న మనిషి కదా అని ఒక ఫోను చేతిలో పెట్టారు. సాయంత్రానికి ఆయన చెప్పిన మాట ఒక్కటే: “మూడో రేవు కోటలో పందొమ్మిదో మెట్టు ఎత్తుంది.” అందరూ నవ్వారు. కొలిచి చూస్తే నిజంగానే ఎత్తుంది. ఆ మెట్టు దగ్గర పరిగెత్తే వాళ్లంతా ఎందుకు తట్టుకుని పడుతున్నారో కంపెనీ వాళ్లు రెండు నెలల నుంచి వెతుకుతున్నారట. ఆ మర్నాటి నుంచి నీలకంఠం పదహారో ఫోను మనిషి అయ్యాడు.

ఆయన చెప్తే ఇంగ్లీషులో రాసిపెట్టేది అనూరాధ. సబ్బవరం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. డిగ్రీ చదివింది, ముప్పై ఏళ్లుంటాయి, నోరు మంచిది.

“మళ్లీ మూసీసినాడే, అమ్మా,” అన్నాడు నీలకంఠం, ఫోను ఆమె ముందుకి జరిపి.

“చూశాను బాబాయ్. ఇంక వదిలెయ్. సాయంత్రం తుడుపు ఉంది కదా, తుడిచేశాక ఇవన్నీ ఎవరిక్కావాలి?”

తుడుపు అన్న మాట నీలకంఠమే పెట్టాడు. మొదట ఆఫీసులో వాళ్లే ఆడి చూసుకున్నారు. తరవాత బయటివాళ్లలో రెండు వేలమందికి తాళంచెవి నంబర్లిచ్చి మూడు నెలలు ఆడనిచ్చారు. ఇప్పుడు తలుపులు తీసేసి, ఎవరొస్తే వాళ్లని రానిచ్చే దశ. ఆ దశకి ముందు, అందరూ ఒకే గీత మీంచి మొదలవ్వాలని, ఇన్నాళ్లూ సంపాదించిన బంగారం, పడవలు, ఇళ్లు సర్వం ఒక్క మీటతో చెరిపేస్తారు. ఇవాళ ఆరింటికి అదే. ఒక్క మినహాయింపు ఉంది. ఒకే భూమిని తొంభై రోజులు వదలకుండా పట్టుకున్నవాళ్లకి, ఆ భూమి మాత్రం ఉంచేస్తారు. ఆట బజార్లోకి వచ్చాక లక్షలమంది చూసే పటంలో వాళ్ల పేరుంటుంది.

ఆఫీసులో అలాంటి భూమి నీలకంఠానికి ఒక్కడికే ఉంది. మిగతా వాళ్లు ఆట కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా పాత ఖాతా తీసేసి మొదట్నుంచి ఆడాలి, అది పద్ధతి. కానీ ఒక్క ఖాతాని మాత్రం మొదటి రోజు నుంచీ చెరపకుండా లాక్కుంటూ రావాలి, పాతది కొత్తదాంట్లో ఇముడుతుందో లేదో తెలియడానికి. ఆ ఖాతా పదహారో ఫోనుది. అలా రెండో రేవు ఒడ్డున ఆయన ఒక్కో ముక్కే కలుపుకుంటూ వచ్చాడు. చెరువు తవ్వాడు, జీడిమామిడి పెట్టాడు, నీళ్లు ఎటు పారతాయో చూసి గట్టు వేశాడు. అసలు ఆట తెలుగులోకి దించేటప్పుడు భూమి కొలతకి ‘టైల్స్’ అని పెట్టబోతే, “టైల్సంటే బాత్రూములో ఏసీవి. సెంట్లు అనండి” అన్నది ఆయనే. పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పేరు మీద ఉన్న సెంట్లు అవే, ఒక ఎకరా ముప్పై ఏడు. తాత పొలం ఎనిమిది వాటాలైనప్పుడు తండ్రి వంతుకి వచ్చింది దాదాపు గట్టేనని వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గట్టు కూడా తండ్రి వైద్యానికి పోయింది.

“నాకోసం గాదే,” అన్నాడు నీలకంఠం. “గణేష్‌కి మాటిచ్చీసినాను.”

గణేష్‌ని ఆయన కళ్లతో ఎప్పుడూ చూడలేదు. తాళంచెవి దొరికిన రెండు వేలమందిలో ఒకడు. పెదజాలరిపేట మనిషి, నలభై దాటిన వాడు, మరబోటు నడిపే సరంగు. ఆటలో ఇద్దరివీ పక్క పక్క భూములు. గణేష్ బోటు హార్బరులో కట్టేసి ఉన్నప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటూ ఆడేవారు. “ఈ ఆట సేసినోడు సముద్రం మొహం సూళ్లేదు బావా. పోటు ఇలగ వత్తదేటి?” అనేవాడు. బావా అని మొదటి రోజే పిలిచాడు. నలభై రోజుల కిందట, తెల్లారగట్ల బోటు బయల్దేరాక, ఆటలో కంచె జరుపుతూ ఉండగా బోటు హార్బరు గోడ దాటింది. ఫోను సిగ్నలు సన్నగిల్లి సన్నగిల్లి పోయింది. మూడో రోజు ఒడ్డుకొచ్చి తెరిస్తే, ఆటలో వాడి భూమి ఉన్నచోట సముద్రం ఉంది. రిపోర్టు పెట్టాడు. ‘మళ్లీ జరగలేదు’ అని జవాబొచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

“నాను అబద్దాలాడతన్నానేటి బావా?” అని అడిగాడు గణేష్ ఆఖరిసారి మాట్లాడినప్పుడు. కోపంలో ఖాతాయే తీసేశాడు. అదొక్కటే చెయ్యకుండా ఉండాల్సింది. ఖాతా పోతే దానితో పాటు సాక్ష్యమంతా పోతుంది. తప్పు జరిగిన చోటుని కడిగి ముగ్గేసి పోలీసుల్ని పిలిచినట్టే. “నాను సూత్తాను, ఒగ్గీకు” అని నీలకంఠం అన్నాడు గానీ, అవతల మనిషి విన్నాడో లేదో తెలీదు. ఆ తరవాత ఫోనెత్తలేదు.

సాయిశంకర్ పదింటికి వచ్చాడు. మెడలో రంగు తాడు, చేతిలో లాప్‌టాప్, కళ్ల కింద నల్లటి చారలు. వాడికీ నిద్రలేనట్టే ఉంది. నీలకంఠం కుర్చీలోంచి లేచాడు.

“సార్, ఆ కంచె రిపోర్టు...”

“నీలకంఠం గారూ, ప్లీజ్. నేను స్వయంగా పదిసార్లు చూశాను. కంచె జరిపాను, నెట్టు ఆపాను, మళ్లీ ఆన్ చేశాను. ఏం పోలేదు.”

“నెట్టు ఆపకూడదు సార్. దానంతటది సావాలి.”

“రెండింటికీ తేడా ఏంటండీ?”

“మీరు పీక నొక్కీసినారు. ఆడిది ఊపిరాడక పోనాది. ఆట దానికి తెలిసేలోపు సగం మాట అటెల్లింది, సగం ఇటుండిపోనాది.”

పక్క కుర్చీల వాళ్లు నవ్వారు. సాయిశంకర్ నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు. “సరే, ఇప్పుడు ఏం చెయ్యమంటారు? మీది పాత ఖాతా. దాని నకలు తీసి ఆడిద్దామంటే కంపెనీ వాళ్లని అడగాలి, వాళ్లు రెండు రోజులంటారు. మనకి ఆరింటి దాకే ఉంది. ఆరు దాటితే రిపోర్టులు తాళం.” కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. “చూడండి. అందర్నీ రానిచ్చే ఓపెన్ బీటాకి ముగ్గుర్నే ఉంచమన్నారు. ఐదుగురికి ఇవాళే ఆఖరు. మీ పేరు ఆ ఐదుగురిలో ఉంది, దాచడం ఎందుకు. ఆరులోపు నా కళ్ల ముందు ఆ తప్పు జరిపించండి. అది నిజంగా భూమి పోయే తప్పయితే, మిమ్మల్ని ఉంచాలని నేనే రాస్తాను.”

అని వెళ్లి తన గాజు గదిలో కూర్చున్నాడు.

నీలకంఠం ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏం నొక్కలేదు. తన భూమిని నీళ్లలో ముంచి చూపిస్తేనే గణేష్ భూమి మునిగిందని నమ్ముతారు. మునిగితే తిరిగొచ్చేది లేదు. మునగకపోతే తను అబద్ధాలకోరు.

మధ్యాహ్నం డబ్బా విప్పుకునే వేళకి భార్య సీతాలు ఫోను చేసింది. దువ్వాడలో కాలేజీ హాస్టలు వంటశాలలో పనిచేస్తుంది. వెనక గిన్నెల మోత.

“ఏటి, తేలిందా?”

“సాయంత్రం తేల్తాది.”

“ఏటి తేల్తాది? బడికెల్లమంటే గోళీలాడినావు. ముసలితనం ముంగిట జీతమిచ్చి ఆడిత్తంటే ఎవులుంచుతారు? మా మెస్సులో బస్తాలు మోసీవోడు కావాలంటన్నారు. సెప్పీమంటావా?”

“ఆగు. సాయంత్రం దాకా ఆగు.”

“ఎప్పుడూ ఆగుడే. ఆ లేతు మిషనోడు మూసీదాకా ఆగినావు.” ఆమె ఏదో గిన్నె దించిన చప్పుడు. “తిన్నావా?”

“తింతన్నాను.”

తినలేదు. డబ్బా మూత పెట్టేసి, అనూరాధ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. నలభై రోజులుగా తల్లో తిరుగుతున్నది ఆమెకి చెప్పడం మొదలెట్టాడు. ఆటోనగర్లో ఒక్కోసారి పాత బోటు నుంచి ఇంచుల థ్రెడ్డు బోల్టు వస్తుంది. కుర్రాడెవడో దానికి మిల్లీమీటర్ల నట్టు ఎక్కిస్తాడు. మొదటి రెండు చుట్లు హాయిగా పోతుంది, అబ్బ కుదిరిందిరా అనుకుంటాడు. మూడో చుట్టులో పట్టేస్తుంది. ఇంకా బలం పెడితే రెండు థ్రెడ్లూ పోతాయి. మొదటి నెలలో పట్టుకున్న భూములకి హద్దులు పాత లెక్కలో రాశారు. తరవాత సముద్రానికి పోటు, పాటు పెట్టారు కొత్త లెక్కలో. కంచె జరిపినప్పుడు రెండు చుట్లు బాగానే తిరుగుతున్నాయి. సిగ్నలు సగం చచ్చి, అదే సమయానికి పోటు వస్తే మూడో చుట్టు. ఒడ్డు ఎక్కడుందో ఆటకి తెలియదు.

అనూరాధ పెన్ను నోట్లో పెట్టుకుని వింది. “అంటే పాత భూమి కావాలి, ఒడ్డున ఉండాలి, కంచె జరపాలి, పోటు రావాలి, సిగ్నలు మెల్లగా పోవాలి. ఐదూ ఒకేసారి.”

“అంతే.”

“అవి ఐదూ కలిసేది నీ భూమికే కదా బాబాయ్.”

“మరదే సెప్తన్నాను.”

“ఆ భూమి నీకు ఉండిపోయేదిరా దేవుడా,” అంది ఆమె, అతను పెద్దవాడన్న సంగతి కూడా మరిచిపోయి. “ఉద్యోగం పోయినా నీ పేరు పటంలో ఉండేది. మీ మనవలకి చూపించుకునేవాడివి.”

“గణేష్ గాడు అబద్దాలాడ్నేదని ఎవులికి సూపించుకోను?”

ఆటలో పోటు నలభై నిమిషాలకోసారి వస్తుంది. రెండు పోట్లు నీలకంఠం వృథా చేశాడు. మొదటిసారి కిటికీ దగ్గర నిలబడ్డాడు, సిగ్నలు తగ్గలేదు. రెండోసారి మెట్ల మలుపులో నిలబడ్డాడు, తగ్గింది కానీ పోలేదు. ఐదింటికి గుర్తొచ్చింది. వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు టైర్ల దుకాణం కింద ఉన్న గోడౌనులోకి దిగితే సీతాలు ఫోనులు అందేవి కావు. మెట్లు దిగుతుంటే ఒక్కో గీతా రాలిపోయేది, ఆఖరి మెట్టు దగ్గర మాట నీళ్లలో మునిగినట్టు గుడగుడలాడి ఆగిపోయేది. హార్బరు గోడ దాటే బోటు కూడా అలాగే పోతుంది కదా.

ఐదూ ఇరవైకి పోటు. ఐదూ పదికి గాజు గది తలుపు తట్టాడు.

“రండి సార్. సూపిత్తాను.”

మూడు అంతస్తులు మెట్ల మీదే దిగారు. నీలకంఠానికి ఎడమ మోకాలు వంగదు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆన్చి దిగుతాడు. వెనక సాయిశంకర్, వాడి వెనక అనూరాధ. ఆఫీసు వైఫై కట్టేసి, ఫోను సొంత సిగ్నలు మీదే పెట్టారు. తెర మీద సాయంకాలపు ఎండ, ఆయన జీడిమామిడి చెట్లు, చెరువు, ఒడ్డున తెల్లటి కంచె. ఆటలో ఆయన బొమ్మ కూడా పొట్టిగా, తలపాగాతో ఆ కంచె దగ్గర నిలబడి ఉంది.

“రికార్డింగు పెట్టారా?” అన్నాడు సాయిశంకర్.

“ఈ ఫోనుకి రికార్డింగు పెడితే ఆట కదల్దు సార్. మీ కళ్లతో సూడండి.”

“కళ్లతో చూసింది రిపోర్టులో ఎలా పెడతానండీ?” అన్నాడు గానీ, తనే జేబులోంచి ఫోను తీశాడు. గోడౌను మెట్ల చీకట్లో ఆ తెర వెలుగుకి నీలకంఠం మొహమే కనిపించింది తప్ప తెర మీద ఏముందో పడలేదు. తెల్లటి మచ్చ. వాడు విసుక్కుని తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

టైర్ల వాసన గొంతులో గుచ్చుకుంది. నాలుగు గీతలు మూడయ్యాయి. మూడు రెండయ్యాయి. ఆటలో నీటి చప్పుడు పెరిగింది, పోటు మొదలైంది. నీలకంఠం ఉంగరపు వేలు కంచె మీద ఆన్చాడు. ఆన్చి అలాగే ఉండిపోయాడు.

“బాబాయ్,” అంది అనూరాధ, మెల్లగా. “వద్దనుకుంటే వద్దు.”

ఒక్క గీత. ఆయన కంచెని ఒక్క సెంటు ముందుకి జరిపి ‘సరే’ నొక్కాడు. అప్పుడే ఆఖరి మెట్టు దిగాడు. ఆ గీతా పోయింది. తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలెట్టింది. తిరిగింది. తిరిగింది. ముగ్గురూ టైర్ల గుట్టల మధ్య, ఎవరో పోయే ముందు మంచం చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు. నిమిషం గడిచాక నీలకంఠం తిరిగి మెట్లెక్కాడు. ఒక గీత వచ్చింది. రెండు వచ్చాయి. గుండ్రం ఆగింది.

చెట్లు లేవు. చెరువు లేదు. గట్టు లేదు. ఆయన బొమ్మ నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. ముందుకి నడిపిస్తే ఈదుతోంది. వెనక్కి నడిపిస్తే ఈదుతోంది.

“అమ్మబాబోయ్,” అంది అనూరాధ.

సాయిశంకర్ ఫోను లాక్కుని చూశాడు. వాడి మొహంలో రంగు మారడం నీలకంఠం చూశాడు. చూశావా గణేషూ, అనుకున్నాడు.

సాయిశంకర్ పైకి పరిగెత్తాడు. ఈయన మోకాలు ఈడ్చుకుంటూ చేరేసరికి ఐదూ నలభై. గాజు గదిలో లాప్‌టాప్ ముందు వాడు గోళ్లు కొరుకుతున్నాడు. తరవాత కొరకడం ఆపాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. పోయిన రంగు మొహంలోకి మెల్లగా తిరిగొచ్చింది.

“ఏం పోలేదండీ,” అన్నాడు.

“ఏటీ?”

“మీ భూమి. ఏం పోలేదు. ఇదిగో సర్వర్ రికార్డు. మీ పేరు, మీ సెంట్లు, కొత్తగా జరిపిన ఒక్క సెంటుతో సహా ఉంది. కంటికి కనిపించట్లేదంతే. ఇది కనిపించడంలో లోపం. భూమి పోయే తప్పు కాదు.”

నీలకంఠం తెర వైపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు. అందులో తన పేరు మాత్రం గుర్తుపట్టాడు.

“కాలెట్టనివ్వని భూమి ఉన్నట్టా, నేనట్టా సార్?”

“రికార్డులో ఉంటే ఉన్నట్టే.”

“మరి గణేష్‌ది?”

“ఆయన ఖాతాయే లేదు కదండీ. చూడ్డానికేముంది?” సాయిశంకర్ మొహం రుద్దుకున్నాడు. “సరే, మీరు చెప్పింది తీసెయ్యను. మళ్లీ ఒక్కసారి చూపించండి. రెండోసారి జరిగితే పెద్ద తప్పుగానే రాస్తాను, ఒట్టు. ఇంకా పదిహేను నిమిషాలుంది.”

“మళ్లీ ఏటితో సూపించను? నాకింకో బూమి నేదు సార్.”

వాడు కీబోర్డు వైపు తిరిగాడు. అనూరాధ వాడి భుజం మీంచి చదివి, ఆయనకి తెలుగులో చెప్పింది. నాలుగో గడిలో ‘ఒక్కసారి కనిపించింది’ అని రాశాడు. పక్కన, ‘తీవ్రత తక్కువ, వీలైనప్పుడు చూద్దాం’.

“మీ పేరు ఆట చివర వేసే థాంక్స్ లిస్టులో పెట్టిస్తాను,” అన్నాడు సాయిశంకర్, చూపు తెర మీంచి మళ్లించకుండానే.

ఆరు కొట్టింది. తుడుపు చప్పుడు చెయ్యదు. అర మీద ఇరవై నాలుగు ఫోన్లూ ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ వెలిగాయి. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు, ఎవరో కూల్‌డ్రింకు సీసాలు తెచ్చారు. ఐదుగురు గుర్తింపు కార్డులు తీసి అనూరాధ బల్ల మీద స్టీలు పళ్లెంలో వేశారు. నీలకంఠం తనది తీస్తుంటే తాడు కళ్లజోడుకి చుట్టుకుంది. ఆమె లేచి విడదీసింది.

“దువ్వాడ బస్సుకి వెళ్లిపోతావా బాబాయ్? ఉండు, కేకు కోస్తారట.”

“వద్దులేమ్మా. సీతాలుకి సెప్పాల. బస్తాల పని ఉందో పోనాదో.”

పదహారో ఫోనుని ఛార్జింగు తీగకి తగిలించి, అర మీద తన చోట ఆనించాడు. మూతి తుడిచినట్టు తెరని చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. డబ్బా పట్టుకున్నాడు. రెండు కాళ్లూ ఆన్చుకుంటూ మెట్లు దిగిపోయాడు. గాజు గదిలో ఎవరూ తల ఎత్తలేదు.

అర మీద ఆ ఫోను ఇంకా ఆరిపోలేదు. రెండో రేవు ఒడ్డంతా బోడిగా ఉంది, రెండు వేలమంది ఇళ్లూ పడవలూ లేవు. అందరివీ పోయిన చోట, ఒడ్డుకి దూరంగా సముద్రంలో, నీళ్లు వచ్చి తగిలి వెనక్కి పోతున్న ఒక చెక్క పలక నిలబడి ఉంది: ‘నీలకంఠం. ఒక ఎకరా ముప్పై ఎనిమిది సెంట్లు.’